రెండవ పుట్టుక



మోక్షమనగా మరల పుట్టకుండుట యని మన పెద్దలు చెప్పిరి. రక్షణ యనగా మరల పుట్టుట యని క్రైస్తవులు చెప్పుదురు. ఒకే మాట ఒకచోట బంధమును, వేరొకచోట విడుదలను తెలుపుచున్నది. ఈ భేదమును విప్పి చెప్పి, ఆ బోధ జనగామ, మహబూబాబాదు సీమల పల్లెలలో ఏ రీతిని నాటుకొనినదో, అచట దాని కెట్టి పరీక్ష కలిగినదో మనవి చేయుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016వ సంవత్సరమున వేరు జిల్లాలయినవి. అంతకుముందు ఇవి చాలవరకు వరంగల్లు జిల్లాలోనివే. ఈ సీమవారికి ముక్తి యను మాట పరాయిది కాదు. భూపాలపల్లి జిల్లాలో, ప్రాణహిత గోదావరిని కలియు కాళేశ్వరమున, ఒకే పానవట్టముపై కాళేశ్వరుడును ముక్తీశ్వరుడును పూజ లందుకొనుచున్నారు. రెండవ పుట్టుక యను మాటయు మనకు పరాయిది కాదు. ఉపనయనమయినవానిని ద్విజుడందుము, ద్విజుడనగా రెండుమారులు పుట్టినవాడే గదా. అయితే ఆ రెండవ పుట్టుకకు మొదటి పుట్టుకయే అర్హత. ఫలానా కులమున పుట్టినవానికే అది లభించును.

దీనికి మారుగా నిలిచిన బోధ యొకటి ఈ సీమనుండియే వెలువడినది. జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని పేరుతో ముడివడిన యూరు. ఆయన చాటిన వీరశైవమున లింగదీక్ష పొందినవాడు భక్తుడు, పొందనివాడు భవి. భక్తుడైనవాని పూర్వకులమును విచారింపరాదు. దీక్షయే వానికి పుట్టుక. కాని కాలక్రమమున ఆ దీక్షాపరులును తల్లిదండ్రులనుబట్టి లెక్కింపబడు కులములే యైరి. ఈ సంగతిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఇక క్రైస్తవుల మాట. యోహాను సువార్తలో నీకొదేము అను నొక యూదుల పెద్ద రాత్రివేళ యేసునొద్దకు వచ్చినట్లు కలదు. అతడు శాస్త్రము చదివినవాడు, పదిమందిలో గౌరవము గలవాడు. మరల జన్మింపనివానికి దేవుని రాజ్యము కనబడదని యేసు అతనితో చెప్పెను. ముదిమి వచ్చినవాడు తల్లిగర్భమును మరల చొచ్చు టెట్లని అతడు తెల్లబోయెను. ఇది దేహమునకు సంబంధించిన పుట్టుక కాదు, దేవుని యాత్మవలన కలుగునది అని ప్రత్యుత్తరము. మూలమున నున్న గ్రీకు మాటకు ‘మరల’ అనియు ‘పైనుండి’ అనియు రెండర్థములు కలవు. ఈ రెండర్థములను కలిపి చూచినగాని భావము పూర్తి కాదు.

ఆ భావమిది. మనుష్యుడు పాపమునకు లోబడినవాడు. తన పుణ్యముచేత తన్ను తాను విడిపించుకొనజాలడు. యేసు సిలువపై మరణించి తిరిగి లేచుటవలన దేవుడే ఆ విడుదలను సిద్ధపరచెను. మనుష్యుడు మనస్సు మార్చుకొని, నమ్మి, దానిని దానముగా పుచ్చుకొనవలెను. అట్లు పుచ్చుకొనినవాని లోపల దేవుడు చేయు మార్పే క్రొత్త జన్మము. దానికై మరణమువరకు వేచియుండ నక్కరలేదు. ఈ దేహమున నుండగనే అది ఆరంభమగును. మరి సత్కార్యముల మాట యేమి? అవి రక్షణకు వెల కావు, గుర్తులు. పండు చెట్టునకు ప్రాణమీయదు. చెట్టు ప్రాణముతో నున్నదని మాత్రము చెప్పును.

ఈ బోధను గూర్చి క్రైస్తవులలోనే పట్టుదలలు పుట్టినవి. దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయిను దేశమున, మెన్నొనైటులను సంఘమువారు పెక్కు తరములుగా కాపురముండిరి. వారి బిడ్డలు పుట్టుకతోనే సంఘస్థు లగుచున్నారనియు, మనస్సు మారినవారు అరుదనియు బాధపడి కొందరు 1860లో వేరుపడి మెన్నొనైట్ బ్రదరన్ అను సంఘమును స్థాపించిరి. క్రైస్తవుల యింట పుట్టినంతమాత్రమున క్రైస్తవుడు కాడని వారి వాదము. ఆ సంఘమునకు చెందిన అబ్రహాము ఫ్రీసెను 1890లో నల్లగొండలో పనికి పూనుకొనెను. అమెరికా బాప్తిస్టు మిషనుతో కలిసి జరిగిన ఆ పని విస్తరించి, 1901లో జనగామలోను ఒక స్థావర మేర్పడెను. వీరు పసిబిడ్డలకు బాప్తిస్మ మీయరు. బుద్ధి తెలిసి, తన నోట తాను ఒప్పుకొనినవానినే నీట ముంచుదురు.

మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్లున వేరొక విధము నడచినది. తమిళదేశపు తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో ఒక మిషనరీ సంఘమును స్థాపించి దోర్నకల్లు సీమకు బోధకులను పంపిరి. ఆ సంఘ స్థాపకులలో నొకడైన వేదనాయకము శామ్యూలు అజరయ్య 1909లో తానే దోర్నకల్లు చేరెను. ఆయన కులమువలనగాని భాషవలనగాని ఇచటివాడు కాడు. తెలుగు నేర్చుకొని తెలుగువారిలో బ్రదికెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే. వీరి పద్ధతిలో క్రైస్తవుల పసిబిడ్డలకును బాప్తిస్మము కలదు. పెరిగిన పిమ్మట బిడ్డ తన విశ్వాసమును తానే ఒప్పుకొనగా బిషప్పు చేతులుంచి స్థిరపరచును.

ఇచట కఠినమైన ప్రశ్న వచ్చినది. నీకొదేము ఒంటరిగా వచ్చెను. తెలుగుదేశమున మాలపల్లెలు, మాదిగపల్లెలు కుటుంబములు కుటుంబములుగా వచ్చినవి. ఊరు కలిసి పొలము దున్నవచ్చును, చెరువు త్రవ్వవచ్చును. ఊరు కలిసి మరల పుట్టగలదా? ఇది కూటికొరకైన మార్పు కాదా? ఈ సందేహము మొదట కలిగినది పరులకు కాదు, మిషనరీలకే. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు కాలమున, ఒంగోలులోని జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకమున వేలమందికి కూలి యిప్పించెను. కాని ఆ పని నడుచునంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. గింజలకొరకు వచ్చినవా డెవడో దేవునికొరకు వచ్చినవా డెవడో తేలవలెనని ఆయన యెంచెను. సాయము ముగిసిన పిమ్మటను జనులు వచ్చుట మానలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అయినను ప్రశ్న తీరలేదు. 1936, 1937 సంవత్సరములలో గాంధీమహాత్ముడు తన హరిజన పత్రికలో ఇట్టి సామూహిక మతాంతరములను గట్టిగా విమర్శించెను. నిరుపేదలైన హరిజనులు మతతత్త్వమును తూచి చూచి మారుచున్నారని ఆయన యొప్పుకొనలేదు. అజరయ్య జాతీయాభిమాని, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదన్నవాడు. అయినను ఈ విషయమున గాంధీతో ఏకీభవింపలేదు. దీనుడు అన్నమునకు మాత్రమే గాక దేవునికిని ఆకలిగొనగలడని ఆయన పక్షము. ఇరువురి మాటలలోను బరువున్నది. తిండి లేనివాని నిర్ణయమును సంశయింపవలసినదే; కాని తిండి లేనందున వానికి ఆత్మవివేకము లేదనుటయు న్యాయము కాదు.

1933లో పికెట్ అను అమెరికా మిషనరీ ఇట్టి సామూహిక మతాంతరములను విచారించి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ విచారణలో తెలుగు ప్రాంతములును కలవు. ఆయన తేల్చిన సంగతి గమనింపదగినది. మనుష్యుడు మొదట ఏ కారణముచే వచ్చెనను దానికంటె, వచ్చిన పిమ్మట వానికి దొరకిన బోధ, ఆరాధన, పోషణ యెట్టివి యనునదే వాని జీవితమును ఎక్కువగా నిర్ణయించినది. పుట్టిన బిడ్డ పుట్టినంతనే నడువదు గదా.

దోర్నకల్లులో నడచిన పనియు అట్టి పెంపకమే. అక్షరము రానివారికి కథలుగా, కీర్తనలుగా బోధ చేయబడెను. పల్లెపల్లెకు ఉపాధ్యాయుడు వెళ్లెను. అప్పు, త్రాగుడు, రోగము, మురికి అను నాలుగు భూతములతో పోరాటము జరిగెను. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు దేవునికై తీసి యుంచెడిది. పుచ్చుకొనుటకే పుట్టినవారని లోకము తలచినవారు ఈ పిడికెటితో ఇచ్చువారైరి. బాప్తిస్మము పొందినవారిచేత అజరయ్య తమ తలపై చేయి యుంచుకొనజేసి, సువార్త ప్రకటించుట ఇక తమ విధి యని చెప్పించెడివాడు. మాలలు, మాదిగలు గురువులుగా అభిషేకింపబడిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు మహాదేవాలయమున మన గుడుల స్తంభముల పోలికయు, మసీదుల గుమ్మటముల పోలికయు కలిసి యున్నవి. అజరయ్య 1945 జనవరి 1న పరమపదించెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా దోర్నకల్లు అందు చేరెను.

అయితే అన్నిటికంటె గట్టి పరీక్ష వేరొకటి. ఆరాధనలో రొట్టె యొకటి, పాత్ర యొకటి. ఒకే పాత్రనుండి మాలయు మాదిగయు త్రాగవలెను. తరతరములుగా ఒకరి బావి నొకరు ముట్టనివారికి ఇది నీట మునుగుటకంటె కష్టము. కొందరు జయించిరి, కొందరు జయింపలేదు. నేటికిని సంఘములలో వివాహసంబంధము వచ్చినపుడు, పదవి వచ్చినపుడు, మొదటి పుట్టుకను విచారించువారు కలరు. సోమనాథుని దీక్షాపరులకు కలిగినదే వీరికిని కలుగుచున్నది. రెండవ పుట్టుక రెండు మూడు తరములు గడచునప్పటికి మరల మొదటి పుట్టుకగా గడ్డకట్టుచున్నది. మెన్నొనైటులు 1860లో భయపడినది దీనికే.

కావున నాకు తోచిన నిర్ణయము విన్నవించెదను. ఒకడు మరల పుట్టెనా లేదా యనునది వాని హృదయమునకును దేవునికిని తెలిసిన సంగతి. దానిని కొలుచుటకు మన యొద్ద మానిక లేదు. కాని పదిమందికి కనబడు గుర్తొకటి కలదు. రెండవ పుట్టుక నిజమైనచోట మొదటి పుట్టుకను ఎవరును అడుగరు. ద్విజుడైనను, లింగధారియైనను, క్రైస్తవుడైనను ఈ గుర్తు ఒక్కటియే. మీ గ్రామమున ఏ మతమువారినైనను ఈ గుర్తుతో పరీక్షించి చూడుడు. ముందుగా మన యింటినుండి మొదలుపెట్టుట మర్యాద.