ఉత్తరం ఎక్కని బిళ్ళలు

పాత తపాలా బిళ్ళల ఆల్బం తిరగేస్తుంటే పోస్టుమార్కు లేని బిళ్ళలు కొన్ని తగులుతాయి. ఒకదాని మీద సిరా సంతకం అడ్డంగా సాగి ఉంటుంది. మరోదానిలో రాజుగారి తల ఉండాల్సిన చోట గుండ్రటి చిల్లు ఉంటుంది. మొదటిది రెవెన్యూ స్టాంపు, రెండోది కోర్టు ఫీజు స్టాంపు.

వీటి వంశం తపాలా బిళ్ళకన్నా పాతది. స్టాంపు పన్ను 1624లో హాలెండులో పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1808లోనే వచ్చింది. దేశమంతటికీ తపాలా బిళ్ళలు వచ్చింది 1854లో.

1899 నాటి స్టాంపు చట్టం ఇరవై రూపాయలు దాటిన రసీదుకు అణా బిళ్ళ అంటించమంది. దాన్ని మళ్ళీ వాడే వీల్లేకుండా రద్దు చేయాలంది. స్టాంపు లేని ప్రోనోటునైతే జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. పత్తికీ మిరపకీ పెట్టుబడి అప్పుగా తెచ్చుకునే గుంటూరు, ఒంగోలు పల్లెల్లో ఆ చిన్న బిళ్ళ విలువ అందరికీ తెలుసు. అందుకే సంతకం సగం బిళ్ళ మీద, సగం కాగితం మీద పడేలా చేసేవారు.

కోర్టు బిళ్ళది వేరే తీరు. 1870 చట్టం ప్రకారం గుమాస్తా బొమ్మలో తలను పంచ్‌తో తొలిచి, విలువ అంకె చెడకుండా ఉంచి, ఊడిన ముక్కను నాశనం చేయాలి.

తికమక పెట్టేవీ ఉన్నాయి. 1906 నుంచి అర్ధణా, అణా బిళ్ళల మీద ‘పోస్టేజ్ అండ్ రెవెన్యూ’ అని అచ్చయింది. ఉత్తరానికీ రసీదుకూ అదే బిళ్ళ. దాని పని ఏమిటో ముద్రో సంతకమో చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం వచ్చిన అయిదు పైసల బిళ్ళ కవరు మీదే ఉన్నా, అది పన్నే గాని తపాలా రుసుము కాదు.

కాలం తేల్చడానికి కాగితం మీది జిల్లా పేరు చూడండి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది.

దయచేసి వీటిని నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. బిళ్ళ ఊడితే సంతకం రెండు ముక్కలవుతుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీపడ్డారో చెప్పే కాగితం అనాథ అవుతుంది. రైతుల అప్పుల చరిత్రకు మిగిలిన రాతపూర్వక సాక్ష్యాల్లో ఇవీ ఉన్నాయి. కాగితంతో సహా దాచండి.