కలుపు మొండికెత్తిన కథ



కలుపు తీయడమంటే మన వైపు ఆడవాళ్ళ పనే. పల్నాటిలో నూజెండ్ల, వినుకొండ ప్రాంతపు మెట్టచేలల్లో మగవాళ్ళు గుంటక తోలితే, మొక్కల మొదళ్ళలో మిగిలిన కలుపును వంగి ఏరేది కూలి ఆడవాళ్ళు. ఇప్పుడా పని చాలాచోట్ల కలుపు మందు చేస్తోంది. ఖర్చు తగ్గుతుంది, పని ఒక పూటలో తేలిపోతుంది, రైతును తప్పుపట్టలేం. అయితే ఈ మందులకొక చరిత్ర ఉంది. మీలో చాలామందికి పుట్టింటి పొలమో, అత్తింటి పొలమో ఉండే ఉంటుంది గనుక తెలుసుకోవడం మంచిది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు అమెరికాలో టూ ఫోర్ డీ అనే మందు బజారుకొచ్చింది. వెడల్పాటి ఆకుల కలుపును చంపి, గడ్డిజాతి పైరును వదిలేసేది. ఇక కలుపు పీడ విరగడయిందనుకున్నారు. 1957 నాటికే హవాయి చెరకు తోటల్లో ఒక కలుపు, కెనడాలో అడవి క్యారట్ ఆ మందుకు చావడం మానేశాయి.

ఎందుకని? మొక్క మందుకు అలవాటు పడిందంటుంటారు. అది సరికాదు. లక్షల మొక్కల్లో ఏ ఒక్కటో పుట్టుకతోనే మందును తట్టుకునేదై ఉంటుంది. మందు తక్కినవాటిని చంపి దానికి చోటిస్తుంది. ఇక విత్తనం రాల్చేది అదే. మరుసటేడూ అదే మందు కొడితే మళ్ళీ దాని పిల్లలే మిగులుతాయి. కొన్నేళ్ళకు చేనంతా వాటి సంతానమే! జల్లెడ పట్టి మొండివాటిని ఏరిపెట్టింది మనమేనన్నమాట.

ఇటువంటి దెబ్బ మన వైపు ఒకసారి పురుగుతో తగిలింది. 1980 తర్వాత పత్తికి పైరిథ్రాయిడ్ మందులొచ్చాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు వాటికి లొంగలేదు. నూజెండ్ల అప్పటికి గుంటూరు జిల్లాలోనిదే. ఇరవై ముప్పైసార్లు మందు కొట్టినవారున్నారు. పంట పోయి అప్పు మిగిలింది. కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

కలుపు విషయంలో ఆ పాఠం హర్యానా నేర్చింది. అక్కడి గోధుమ చేలల్లో గుల్లీ డండా అనే గడ్డి ఉంది. లేతప్పుడు అచ్చం గోధుమలాగే ఉంటుంది గనుక చేత్తో ఏరడం కష్టం. ఏళ్ళ తరబడి ఐసోప్రొట్యూరాన్ మందొక్కటే చల్లారు. 1990 దశకం తొలి ఏళ్ళలో అది పనిచేయడం మానేసింది. కొందరు గోధుమను పచ్చిగానే కోసి పశువులకు వేశారు. దశకం చివర కొత్త మందులొచ్చాయి. పోనుపోను వాటిలో కొన్నిటికీ ఆ గడ్డి లొంగలేదు.

ఒక మందు పోతే ఇంకోటి ఉందిగా అంటారా? అక్కడే ఉంది చిక్కు. మందును తనలోనే విరిచేసుకునే శక్తి కొన్ని మొక్కలకుంటుంది. ఆ శక్తి, ఆ చేలో ఎన్నడూ చల్లని మందును సైతం విరిచెయ్యగలదు. ఆస్ట్రేలియాలో రై గడ్డి దగ్గర 1980 దశకంలోనే ఇది బయటపడింది. ఇక అమెరికాలో మన తోటకూర జాతిదే పామర్ అమరాంత్ అనే కలుపు. అది గ్లైఫోసేట్‌కు చావడం లేదని 2005లో జార్జియా రాష్ట్రంలో తేలింది. ఇప్పుడు ఐదారు రకాల మందులను తట్టుకునేవీ ఉన్నాయి. ఒక్క మొక్క లక్షల్లో గింజలు రాలుస్తుంది!

మరి దారేమిటి? ఏటేటా ఒకే పంట, ఒకే మందు పనికిరాదు. పంట మార్చాలి. పేరు వేరైన మందు కాదు, పనిచేసే తీరు వేరైన మందు వాడాలి. గుంటకను మూలన పడెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మందుకు చావక మిగిలిన నాలుగు మొక్కలను గింజ పట్టకముందే పీకెయ్యాలి. అది చేలోకి దిగి, పైరేదో కలుపేదో ఎరిగిన కూలి తల్లి చెయ్యవలసిన పని. ఈసారి ఊరినించి పొలం లెక్క వచ్చినప్పుడు ఆమె కూలిని దండుగ ఖర్చులో రాయకండమ్మా. రాబోయే ఏళ్ళ పంటను కాపాడేది ఆ కూలే.

సెలవు.