క్షామము - రాజధర్మము

వర్షము కురియకపోవుట దైవికము. ప్రజలు ఆకలిచే మరణించుట మాత్రము దైవికము కాదు. 1865లో ఒరిస్సాయందు పంటలు నశించినపుడు, వర్తకులే ధాన్యము తెత్తురని ప్రభుత్వము ఊరకుండెను. మరుసటి ఏడు వర్షాకాలమున రేవులు మూతపడుటచే బియ్యము సకాలమున అందలేదు. సుమారు పది లక్షలమంది మరణించిరి.

1873-74లో బీహారున కరవు రాగా, సర్ రిచర్డ్ టెంపుల్ బర్మానుండి బియ్యము తెప్పించెను. మరణములు స్వల్పమయ్యెను, కాని వ్యయము మితిమీరినదని నింద వచ్చెను. ఆ టెంపులే 1877లో మద్రాసు రాజధానియందు కరవుపనుల కూలికిచ్చు ధాన్యమును దినమునకు ఒక పౌనుకు తగ్గించెను. బళ్లారి, కర్నూలు మొదలగు జిల్లాలు శ్మశానములయ్యెను. శక్తి లేక కాదు, సంకల్పము మారుటచేతనే ప్రభుత్వము ప్రజలను విడిచినది.

1880 నాటి క్షామ సంఘము ప్రజారక్షణము ప్రభుత్వధర్మమని అంగీకరించెను. 1883లో క్షామ నియమావళి వెలువడెను. కాని 1943లో బెంగాలున లక్షలాది జనులు మరణించుచున్నను ప్రభుత్వము క్షామమును ప్రకటింపలేదు. నియమావళి కాగితముననే నిలిచెను.

పాలకుని దయపై ఆధారపడిన ధర్మము ఇట్టిది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము అర్హులకు ధాన్యమును హక్కుగా చేసినది. ఆకలిగొన్నవాడు యాచించుటకును, అడుగుటకును గల భేదమిదియే.