ఉద్దానానికి టెలిఫోను, వాటాదారుకు డివిడెండు

గత భాగంలో మీరు తూర్పు తీరపు రైలు మార్గం గురించి చదివారు. 1893–96 మధ్య వేసిన ఆ మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతికి వెళ్లింది. పలాసలో, నౌపడలో టిక్కెట్టు కొన్నవారు మన ప్రాంతం వారు. కంపెనీ వాటాలు కొన్నవారు ఎక్కువగా ఇంగ్లండు వారు. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు నిర్ణీత వడ్డీ ముట్టేటట్టు ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు పడితే పూడ్చింది ఇక్కడి ప్రజల పన్నులతోనే. ఇప్పుడు అదే ప్రశ్నను టెలిఫోనుకు వేద్దాం. ఫోను మన ఊరికి వచ్చింది, దాని లాభం ఎవరికి, ఎప్పుడు చేరింది?

కంపెనీ తన లాభంలో వాటాదారులకు పంచే భాగాన్ని డివిడెండు అంటాం. పంచకుండా వ్యాపారంలోనే ఉంచిన సొమ్ము వల్ల వాటా విలువ పెరిగితే అది వృద్ధి. ఉద్దానంలో పుట్టిన వారికి ఈ తేడా కొత్త కాదు. కాపుకొచ్చిన కొబ్బరి తోట దింపు దింపుకీ డబ్బు చేతిలో పెడుతుంది. సరుగుడు తోట నాలుగైదేళ్లు ఏమీ ఇవ్వదు, నరికిన రోజున ఒక్కసారిగా ఇస్తుంది. అయితే కొబ్బరి కూడా మొక్క నాటిన తొలి ఐదారేళ్లు కాయదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

వాటా దొరకని కాలం

భారతదేశంలో టెలిఫోను మొదట కంపెనీ వ్యాపారమే. 1881లో అనుమతి పొందిన ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు తెరిచింది. లాభం తేలిగ్గా వచ్చే ఈ మూడు నగరాల వ్యవస్థలను 1943లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. చిన్న పట్టణాలకు ఫోను తపాలా తంతి శాఖ ద్వారానే వచ్చింది. శాఖకు వాటాలుండవు. పలాస జీడిపప్పు వ్యాపారి కనెక్షను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడగలడు గాని, ఆ ఫోను సంస్థలో ఒక్క వాటా కొనలేడు.

1986లో ఏర్పడిన ఎంటీఎన్‌ఎల్ వాటాలు తర్వాత మార్కెట్లోకి వచ్చాయి. ఆ సంస్థ సేవలు ఢిల్లీ, ముంబైలకే పరిమితం. కొన్నేళ్లు అది మంచి డివిడెండు ఇచ్చింది. ప్రభుత్వ సంస్థ, నగరాల్లో గుత్తాధిపత్యం, చేతినిండా నగదు: ఇంతకంటే భద్రమైనది ఏముంటుందని చాలామంది అనుకున్నారు. 2010లో స్పెక్ట్రమ్ కోసం సుమారు 11,000 కోట్ల రూపాయలు చెల్లించాక ఆ సంస్థ అప్పుల్లోంచి తేరుకోలేదు. మన టెక్కలి, సోంపేట ఎక్స్ఛేంజీలు మాత్రం 2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్‌ఎన్‌ఎల్ కిందికి వచ్చాయి. అది నేటికీ పూర్తిగా ప్రభుత్వానిదే, స్టాకు మార్కెట్లో దాని వాటా లేదు.

ఒకే సర్కిల్, రెండు లైసెన్సులు

1994 టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. దేశాన్ని సర్కిళ్లుగా విభజించి, సర్కిల్‌కు ఇద్దరు చొప్పున మొబైలు లైసెన్సులిచ్చారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఆ ఇద్దరూ టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్. ఒకే గాలి, ఒకే జనం, ఒకే నిబంధనలు. చరిత్ర విద్యార్థికి ఇంత చక్కని పోలిక అరుదుగా దొరుకుతుంది.

జె.టి. మొబైల్స్ 1990ల చివర భారతి గ్రూపు చేతిలోకి వెళ్లి ఎయిర్‌టెల్ అయింది. భారతి 2002 ఆరంభంలో ప్రజలకు వాటాలు అమ్మింది, ధర 45 రూపాయలు. ఏడాది గడవకముందే వాటా ధర అంతకంటే దిగువకు పడిపోయింది. అప్పుడు ఎవరైనా 100 వాటాలు 4,500 రూపాయలకు కొని అట్టే పెట్టుకున్నారనుకోండి. తొలి డివిడెండు 2009లో వచ్చింది, వాటాకు 2 రూపాయలు, అంటే 200 రూపాయలు. నడుమ ఏడేళ్లు ఏమీ లేదు. సంపాదించిన సొమ్మంతా టవర్లకూ పరికరాలకూ లైసెన్సులకూ పోయింది. కొబ్బరి మొక్క సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. అదే ఏడాది ఒక్కో వాటాను రెండుగా విడదీశారు కనుక 100 కాస్తా 200 అయ్యాయి. తర్వాత చాలా ఏళ్లు డివిడెండు రూపాయి, రెండు రూపాయల దగ్గరే నడిచింది. 2023–24కు 8 రూపాయలు, 2024–25కు 16 రూపాయలు ప్రకటించారు. ఆ 200 వాటాలకు 3,200 రూపాయలు. పెట్టిన అసలులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క ఏడాదిలోనే తిరిగి వచ్చింది, కాని ఇరవై మూడేళ్ల తర్వాత.

రెండో లైసెన్సు కథ వేరు. టాటా సెల్యులార్ విలీనాల మీదుగా ఐడియాలో కలిసింది. ఐడియా 2007లో 75 రూపాయలకు వాటాలు అమ్మింది. కొంతకాలం ఇచ్చిన డివిడెండు పైసల్లోనే ఉంది. 2018 ఆగస్టులో వొడాఫోన్‌తో కలిసింది. 2024లో అదే కంపెనీ 11 రూపాయలకు కొత్త వాటాలు అమ్ముకోవలసి వచ్చింది. బకాయిలు కట్టలేక వాటిని వాటాలుగా మార్చడంతో 2025 నాటికి దాదాపు 49 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిదే అయింది. శాఖను వదులుకున్న ప్రభుత్వం వాటాదారుగా తిరిగి వచ్చిందన్న మాట!

ఈ తేడా ఎందుకు వచ్చింది? చందాదారులు లేక కాదు, ఇద్దరికీ కోట్లలో ఉన్నారు. 1999 విధానం నిర్ణీత లైసెన్సు రుసుము స్థానంలో ఆదాయంలో వాటా తెచ్చింది. ఏది ఆదాయమన్న తగాదా ఏళ్ల తరబడి సాగి, 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ తీర్పు భారాన్ని లెక్కలోకి తీసుకుని, 2019 జూలై–సెప్టెంబరు త్రైమాసికానికి ఎయిర్‌టెల్ 23,045 కోట్లు, వొడాఫోన్ ఐడియా 50,921 కోట్ల నష్టం చూపించాయి. అంతకుముందే, 2016 సెప్టెంబరు 5న జియో ఉచిత సేవలతో వచ్చింది. ఆ దెబ్బ తిన్న సమయంలో ఎయిర్‌టెల్ తన వాటాదారుల వద్దకే వెళ్లి 2019లో 220కి, 2021లో 535కి హక్కు వాటాలు అమ్మి సొమ్ము తెచ్చుకోగలిగింది. డివిడెండు ఆశించి కొన్నవారు తామే తిరిగి డబ్బు పెట్టవలసి వచ్చింది. పెట్టనివారి భాగం ఆ మేరకు పలచబడింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాటాదారులకు ఆ అవకాశం కూడా మిగల్లేదు. 2008 జనవరిలో 800 రూపాయలు దాటిన ఆ వాటా, 2019లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లేసరికి కొన్ని రూపాయల స్థాయికి చేరింది. అప్పట్లో అది కూడా పెద్ద కంపెనీయే.

డివిడెండు ఎక్కడి నుంచి వస్తుంది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి, ఫోన్లు మూగబోయాయి. వేరావల్ వంటి దూరపు రేవులలో పడవల మీద ఉన్న వారు ఇంటి కబురు తెలియక తల్లడిల్లారు. అలాంటి తీరంలో నెట్‌వర్కును నిలబెట్టడానికి ఖర్చవుతుంది, డివిడెండు ఆ ఖర్చులన్నీ పోగా మిగిలినదే. ఆదాయం వైపు చూస్తే, పోటీ తగ్గాక 2019, 2021, 2024లలో రేట్లు పెరిగాయి. 2024 జూలైలో ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాను 179 నుంచి 199 అయింది. ఏడాదికి పదమూడు సార్లు వేయించుకుంటే ఒక్క ఫోనుకు 2,587 రూపాయలు. పైన లెక్కవేసిన 3,200 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. పేదవారి రీఛార్జి, వాటాదారు డివిడెండు ఒకే గొట్టం నుంచి వస్తున్నాయి. ఉచిత డేటా కాలంలో ఉద్దానం ఇళ్లు లాభపడ్డాయి, వాటాదారు నష్టపోయాడు. ఇప్పుడు అది తిరగబడింది. రేట్ల మీద ప్రభుత్వమో, కొత్త పోటీదారో చెయ్యి వేస్తే మళ్లీ తిరగబడవచ్చు.

ఇంకో చిన్న సంగతి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను పుచ్చుకున్నవారే కట్టాలి. పై లెక్కలన్నీ పన్నుకు ముందువి.

అభ్యాసం: మీ ఇంట్లో గత పన్నెండు నెలల్లో అన్ని ఫోన్లకూ వేయించిన రీఛార్జి మొత్తం రాయండి. వాటాకు 16 రూపాయల చొప్పున అంత డివిడెండు రావాలంటే ఎన్ని వాటాలుండాలో లెక్కకట్టండి. ఈరోజు పత్రికలో ఉన్న ధరకు వాటిని కొనడానికి ఎంత సొమ్ము కావాలో దాని పక్కనే రాయండి. అదే సొమ్ము పోస్టాఫీసు డిపాజిట్టులో ఉంటే ఏడాదికి ఎంత వడ్డీ వస్తుందో కూడా కనుక్కుని, రెండు అంకెలనూ తరగతికి తీసుకురండి.