గాలికి రాలిన మామిడితో ఒరుగులు, తాండ్ర

వేసవిలో ఒక్క గాలివాన వస్తే చాలు, తోటలో కాయలు కుప్పలుగా రాలిపోతాయి. దెబ్బ తగిలిన కాయకు మార్కెట్లో ధర రాదు. కోత కూలీ, బండి కిరాయి కూడా గిట్టక చాలామంది రైతులు వీటిని చెట్ల కిందే వదిలేస్తుంటారు. అదే రోజు ఏరి తెచ్చుకుంటే పచ్చి కాయలను ఒరుగులుగా, పండిన వాటిని తాండ్రగా మార్చుకోవచ్చు. కొత్తగా చేసేవారు మొదట 5 కిలోలతోనే మొదలుపెట్టండి.

కాయల ఎంపిక

దెబ్బ తగిలిన చోట కోసి తీసేసి మిగతా భాగం వాడుకోవచ్చు. కుళ్లు వాసన వచ్చినవి, పండు ఈగ ఆశించి లోపల పురుగు ఉన్నవి వాడరాదు. సొన పోయేలా కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. గడ్డిలో మాగవేసుకోండి.

ఒరుగులు

పచ్చి కాయల టెంక తీసి సన్నని ముక్కలుగా కోయాలి. కిలో ముక్కలకు సుమారు 100 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు కలిపి జాడీలో గానీ స్టీలు గిన్నెలో గానీ రాత్రంతా ఉంచాలి. అల్యూమినియం, రాగి పాత్రలు పనికిరావు. మర్నాడు ఊట పిండి, శుభ్రమైన గుడ్డపై పరిచి ఎండబెట్టాలి. మంచి ఎండ ఉంటే 4, 5 రోజులు పడుతుంది. ముక్క వంచితే విరగాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో పప్పులోకి, పులుసులోకి ఇవి బాగుంటాయి.

తాండ్ర

రసాల వంటి పీచు పండ్లైతే గుజ్జును జల్లెడలో వడకట్టాలి. కిలో గుజ్జుకు 100 నుంచి 150 గ్రాముల పంచదార లేదా బెల్లం తురుము కలిపి, అడుగంటకుండా తిప్పుతూ ఉడికించి చల్లార్చాలి. నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పలుచగా పోసి, ఈగలు వాలకుండా పైన పలుచని గుడ్డ కట్టి ఎండబెట్టాలి. ఒక పొర ఆరాకే రెండోది పోయాలి. తొందరపడి మందంగా పోస్తే పైన ఎండి, లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. సాయంత్రం పళ్లేలను ఇంట్లోకి తెచ్చుకోవాలి. మబ్బు పట్టిన రోజు కొత్త పొర పోయకండి, ఉన్నదాన్ని ఫ్యాన్ గాలికి ఉంచండి. వేలికి అంటకుండా ఊడి వస్తే తయారైనట్టే.

నిల్వ

పూర్తిగా చల్లారాక తడి లేని డబ్బాలో గాలి చొరకుండా పెట్టాలి. వారానికోసారి తెరిచి చూడండి. బూజు కనిపిస్తే ఆ ముక్కను గీకి తినవద్దు, పారేయండి.

అమ్మాలనుకుంటే

మొదటి విడతలో ఎన్ని కిలోల కాయకు ఎంత సరుకు వచ్చిందో, పంచదారకు, గ్యాసుకు ఎంత ఖర్చయిందో రాసి పెట్టుకోండి. ఇంటి ఆడవారి శ్రమకు కూడా కూలీ కట్టి చూడండి. అప్పుడే అసలు లాభం తెలుస్తుంది. చిన్నగా అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు అవసరం. ప్యాకెట్‌పై బరువు, వాడిన పదార్థాలు, తయారీ తేదీ, నమోదు సంఖ్య ఉండాలి. శిక్షణ కోసం మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోని గృహ విజ్ఞాన విభాగాన్ని అడగండి. కాయలు రాలాక కాదు, పూత దశలోనే వెళ్లి నేర్చుకుంటే ఈ వేసవికే పనికొస్తుంది.