కొవ్వాడ సముద్రం ఒడ్డున ఉంది, మనకేటి సంబంధం?



మొన్న గ్రూపులో కొవ్వాడ వార్త పెడితే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అది మత్స్యకారుల గొడవ. మనం ఎస్.కోట కొండోళ్లం. మనకేటి సంబంధం?" తీసిపారేసే ప్రశ్న కాదది. ధారపర్తి పంచాయతీ కొండల మీంచి గర్భిణుల్ని డోలీ కట్టి దించే రోజులు మనం చూసినవే. ఇన్ని కష్టాల్లో ఎక్కడో రణస్థలం మండలంలో ఇంకా కట్టని రియాక్టర్ గురించి మనమెందుకు ఆలోచించాలి? జవాబు చరిత్రలో ఉంది. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు మాచ్‌ఖండ్ నుంచి మొదలెడదాం. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో, డుడుమ జలపాతం దగ్గర కట్టిన ఆ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. మొత్తం 120 మెగావాట్లు. దాని నీళ్ల కోసం జలాపుట్ డ్యామ్ కట్టారు. డ్యామ్ కింద మునిగిన ఊళ్లలో ఎక్కువ భాగం ఆదివాసులవే. కరెంటు తీగలు మాత్రం కొండలు దాటి మైదానం పట్టణాలకి, ఫ్యాక్టరీలకి దిగాయి. తర్వాత సీలేరు మీద వరసగా కేంద్రాలు వచ్చాయి. తీగల కింద ఉన్న ఎన్నో గూడేలు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డితోనే గడిపాయి. అంటే కరెంటు ఎలా పుట్టింది అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఎవరి నేల మీద పుట్టింది, ఎవరి ఇంట్లో వెలిగింది, ఎవరిని అడిగి కట్టారు అన్నవి కూడా మన ప్రశ్నలే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కొవ్వాడకి వద్దాం. 2008లో భారత్ అమెరికా అణు ఒప్పందం కుదిరింది. 2009లో విదేశీ రియాక్టర్ల కోసం కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న చోట్లలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఒకటి. మొదట జీఈ హిటాచీ కంపెనీ రియాక్టర్లన్నారు. 2016లో గుజరాత్ మీఠీవిర్ది దగ్గర రైతులు వద్దన్న వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టుని ఇక్కడికి మార్చారు. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు. భూమి 2,000 ఎకరాలకి పైగా. కొవ్వాడ, కోటపాలెం, రామచంద్రపురం లాంటి ఊళ్ల జనం వేట వదిలి, ఇల్లు వదిలి పోవాలి. సముద్రం మీద బతికేవాడికి ఎక్కడో కాలనీలో పక్కా ఇల్లు ఇస్తే వలెక్కడ వేస్తాడు? కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ గారి లాంటివారే ఈ ప్రాజెక్టు వద్దని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు.

2017 మార్చిలో అదే వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఇదే రకం రియాక్టర్లు రెండు జార్జియా రాష్ట్రంలో వోగెల్ దగ్గర కట్టారు. సుమారు 1,400 కోట్ల డాలర్లవుతుందన్న పని 3,000 కోట్ల డాలర్లు దాటి, ఏడేళ్లు ఆలస్యంగా 2023, 2024లో పూర్తయింది. సౌత్ కరోలినాలో ఇంకో రెండు కడుతూ కడుతూ, సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2017లో మధ్యలోనే వదిలేశారు. కట్టని రియాక్టర్ల ఖర్చు అక్కడి జనం కరెంటు బిల్లుల్లో కట్టుకున్నారు. ధనవంతుల దేశంలోనే ఇలాగుంటే మన సంగతేటి?

"సరే అన్నా, అది కోస్తా, అది డబ్బు. మరి ఆదివాసీకి సంబంధం?" అంటారా? అణు కరెంటు రియాక్టర్ దగ్గర మొదలవదు, గని దగ్గర మొదలవుతుంది. దేశంలో మొదటి యురేనియం గని జార్ఖండ్ జాదుగూడలో 1967లో మొదలైంది. అది సంతాల్, హో, ముండా జనం నేల. అక్కడ వెయ్యి కిలోల రాయి తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. మిగతాదంతా బురదై ఊళ్ల పక్కనే చెరువుల్లో నిలుస్తుంది. ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే వైద్యుల సంస్థ 2007లో సర్వే చేస్తే, గని దగ్గరి ఊళ్లలో అవకరాలతో పుట్టే పిల్లలు, పిల్లలు కలగని జంటలు ఎక్కువగా కనిపించారు. రేడియేషన్‌తో సంబంధం లేదని కంపెనీ వాదన. వాదన ఎవరిదైనా, బురద చెరువు పక్కన కాపురం ఉండేది మాత్రం ఆదివాసే. ఆ యురేనియం మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కి వచ్చి రియాక్టర్ ఇంధనమవుతుంది.

బాంబు సంగతీ అంతే. ట్రాంబేలో సైరస్ రియాక్టర్‌ని కెనడా శాంతి పనులకని ఇచ్చింది. 1974లో పోఖ్రాన్‌లో పేల్చిన పరికరానికి ప్లుటోనియం దాంట్లోంచే తీశారు. కరెంటు వేరు, బాంబు వేరు అని చెప్తారు గానీ రెండింటి బంధుత్వం ఆనాడే బయటపడింది. కొవ్వాడకి ఓకే చెప్పిన 2009లోనే, జులై 26న, అణు జలాంతర్గామి అరిహంత్ మన విశాఖలో నీళ్లలోకి దిగింది.

మన తెలుగు నేల మీదే ఇంకో కథ ఉంది, అది గెలిచిన కథ. 2019లో నల్లమల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ సరేనంది. చెంచు పెంటలు కదిలాయి. విద్యార్థులు, రైతులు, పట్నం జనం గొంతు కలిపారు. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. సంఖ్యలో తక్కువైన చెంచులు వద్దంటే శాసనసభ దాకా వినబడింది.

ప్రమాదం జరిగితే దూరం కూడా కాపాడదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. వెయ్యి కిలోమీటర్లు దాటి, నార్వే, స్వీడన్ కొండల్లో రెయిన్‌డీర్లు మేపుకునే సామీ ఆదివాసుల మీద కూడా ఆ దుమ్ము వానతో పడింది. రాళ్ల మీది నాచు సీజియం పీల్చింది, రెయిన్‌డీర్ నాచు తింది, ఆ మాంసం మనుషులు తినలేకపోయారు. వాళ్లకి దూరాన ఎవరో కట్టిన రియాక్టర్ గురించి తెలిసే అవకాశమే లేదు. సీజియం సగం తగ్గడానికే 30 ఏళ్లు. అడవిలో పుట్టగొడుగు, దుంప, ఆకుకూర ఏరుకుని తినే మనకి ఈ కథ అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? ఎస్.కోట నుంచి కొవ్వాడ వంద కిలోమీటర్లు కూడా లేదు.

అణు కరెంటుకి పొగ రాదు, రాత్రీ పగలూ వస్తుంది అన్నది నిజమే. బొగ్గు మేలని నేను చెప్పను. థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు, అదీ మన ఉత్తరాంధ్ర చరిత్రే. కానీ ఇప్పుడు మూడో దారి ఉంది. 2015లో కర్నూలు సోలార్ పార్కు వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలు పలికితే దేశమంతా అబ్బురపడింది. 2020లో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకి దిగింది. కొవ్వాడలో పదిహేనేళ్లుగా ఒక్క రియాక్టర్ లేవలేదు. కర్నూలులో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కే కరెంటిచ్చింది.

అయితే ఇక్కడే మనం ఆగి చూసుకోవాలి. సోలార్ కరెంటు సాయంత్రం ఉండదు కాబట్టి పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. కొండ కింద ఒక చెరువు, పైన ఒక చెరువు. పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. వినడానికి బాగుంది. కానీ ఆ కొండ ఎవరిది, ఆ గెడ్డ ఎవరిది? మన పక్క అనంతగిరి మండలం పెదకోట, దాని దిగువన రైవాడ, పార్వతీపురం మన్యంలో కురుకుట్టి, కర్రివలస పేర్లు ఈ జాబితాలోవే. మాచ్‌ఖండ్ దగ్గర అడగాల్సిన మూడు ప్రశ్నలు ఇక్కడా అడగాలి. పచ్చ కరెంటు అని పేరు పెట్టినంత మాత్రాన మునిగిన కాఫీ తోట తేలదు.

మన చేతిలో ఏముంది? అదే అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన కేసులో 1997 జులై 11న సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మన ఎస్.కోట కొండ ఊళ్లు నాన్ షెడ్యూల్డ్. కొండ అదే, తెగ అదే, గీత ఇవతల ఉన్నందుకు 1/70 లేదు, పీసా లేదు. అందుకే ఐదో షెడ్యూల్‌లో చేర్చమన్న డిమాండు మన కరెంటు పోరాటంలో కూడా భాగమే. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం నాన్ షెడ్యూల్డ్‌లో కూడా వర్తిస్తుంది. పోడు పట్టాలు, సామూహిక హక్కుల కాగితాలు ఊరూరా దరఖాస్తు పెట్టించడం డిగ్రీ చదివిన మన పని.

ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద 2 కిలోవాట్ల సోలార్ ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మన కొండ ఊళ్లలో ఎన్ని ఇళ్లకి వచ్చిందో రాసి గ్రూపులో పెట్టండి. మన ఇంటి కప్పు మీద పుట్టి మన ఇంట్లోనే వెలిగే కరెంటు అది. దానికి ఎవడి ఊరూ మునగక్కర్లేదు.

కాబట్టి తమ్ముడూ, కొవ్వాడ మనదే. మనకి జరిగిందే వాళ్లకి జరగబోతోంది. వాళ్లు వద్దన్నప్పుడు మనం పక్కన నిలబడితే, రేపు పెదకోట గెడ్డ దగ్గర వాళ్లు మన పక్కన నిలబడతారు. మీ ఊళ్ల పెద్దల్ని మాచ్‌ఖండ్ రోజుల గురించి అడగండి. మునిగిన ఊళ్ల పేర్లు వాళ్లకి గుర్తుంటే రాసుకోండి. ఆ పేర్లు పోకముందే రాసుకోండి.

జై ఆదివాసీ.