కృత్తికలు ఆరా, ఏడా?

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగళ్ళలో పత్తి పగిలే కార్తీకమాసంలో, ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి తూర్పున ఒక చిన్న చుక్కల గుంపు పైకి వస్తుంది. తెలుగువారు దీనిని పిల్లలకోడి అన్నారు. పంచాంగంలో దీని పేరు కృత్తిక. పౌర్ణమినాడు చంద్రుడు ఈ గుంపు దాపున ఉండుటచేతనే ఆ మాసానికి కార్తీకమని పేరు వచ్చింది. అయితే చుక్కలను లెక్కపెట్టదలచిన విద్యార్థి వెన్నెల లేని రాత్రి చూడాలి. మే నెలలో వచ్చే కృత్తిక కార్తెలో అవి అసలే కనబడవు. అప్పుడు సూర్యుడే అక్కడ ఉంటాడు.

మామూలు కంటికి కనబడేవి ఆరు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు చెప్పిన లెక్క కూడా ఆరే. కాని అంతకు ఎంతో పూర్వపు తైత్తిరీయ వాఙ్మయంలో ఏడు పేర్లు ఉన్నవి: అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణిక. వీటిలో మూడు పేర్లు మబ్బునూ వాననూ తలపిస్తున్నవి.

మరి ఆ ఏడవది ఏమయింది? భారతకథ దీనికి చక్కని లెక్క కట్టింది. సప్తర్షులు ఏడుగురు కనుక వారి భార్యలూ ఏడుగురే. అగ్నిని వలచిన స్వాహాదేవి ఋషిపత్నుల రూపాలను ఒక్కొక్కటిగా ధరించింది. ఆరు రూపాలు వచ్చినవి. అరుంధతి రూపం మాత్రం రాలేదు. నిందపడి, భర్తలు విడిచిన ఆ ఆరుగురే కృత్తికలయినారు. అప్పుడు పుట్టిన కుమారస్వామికి ముఖాలు ఆరు. అరుంధతి సప్తర్షి మండలంలో వసిష్ఠుని ప్రక్కనే నిలిచింది; పెండ్లిలో వధూవరులకు చూపే చిన్న చుక్క అదే. ఏడులో ఆరు పోగా ఒకటి! ఆకాశంలో ఎడమెడంగా ఉన్న రెండు చుక్కల గుంపులను ఒక తీసివేత ఇలా ముడివేసింది.

ఈ కథ అరణ్యపర్వంలోనిది. దానిని తెలుగు చేసినవాడు అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేముని ఆస్థానకవి, 14వ శతాబ్దపు ఎఱ్ఱాప్రగడ. నన్నయ రచన ఆగినచోట శరద్రాత్రుల చుక్కల వర్ణన ఉన్నది. ఎఱ్ఱన తెల్లవారుజాముతో అందుకొన్నాడు.

గ్రీకులు మరొక దారి పట్టారు. అట్లాసు కుమార్తెలు ఏడుగురని, వారిలో ఒకతె సిగ్గుచేతనో దుఃఖంచేతనో ముఖం దాచుకొన్నదని చెప్పుకొన్నారు. 1610లో గెలీలియో కూడా ఏడవ చుక్క దాదాపు ఎన్నడూ కనబడదనే వ్రాశాడు. దూరదర్శినితో చూసి పటంలో 36 చుక్కలు గుర్తించాడు. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఈ గుంపులో వేయికి పైగా నక్షత్రాలున్నట్లు నేడు తెలుసు.

వీటిలో ప్లియోనీ అనే చుక్క ఇప్పుడు అట్లాసు అనే చుక్కను ఆనుకొన్నట్లుండి, విడిగా కంటికి ఆనదు. లక్ష సంవత్సరాల క్రితం అవి ఇంకా ఎడంగా కనబడేవనీ, ఏడుగురి కథ అంత పాతదనీ 2020లో ఒక ఊహ వెలువడింది. ఊహ బాగానే ఉన్నది, కాని ఋజువు కాదు. ఋషులను, వారాలను, స్వరాలను ఏడేసిగా లెక్కించిన మానవుడు కృత్తికలను ఏడనడానికి ఏడవ చుక్కను చూచి ఉండనక్కరలేదు.